జర్మనీలో నిలబడి నడిపే ఈ-స్కూటర్ కొంటున్నారా? లైట్లు, స్పీడు తర్వాత, మొట్టమొదట బ్రేకులు చూస్కోండి

ముందే చెప్పేస్తా, స్కూటర్ అంటే మన ఊళ్ళో ఓలా, ఏథర్ లాంటి కూర్చుని నడిపే బండి కాదు, ఇక్కడ జర్మనీలో ట్రామ్ స్టాపు నుంచి యూనివర్సిటీ దాకా అందరూ నిలబడి వెళ్తారు చూడండి, ఆ సన్నటి రెండు చక్రాల బండి గురించి. మన పిల్లలు ఇక్కడికి రాగానే రెండు మూడు నెలల్లో కొనేది ఇదే, నేనూ అంతే. కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఎంతసేపు ఛార్జింగ్, మడత పెడితే ట్రెయిన్‌లో పడుతుందా, ఇవన్నీ అడిగా, బ్రేకుల గురించి ఒక్క ముక్క అడగలేదు. రెండు బ్రేకులు ఉన్నాయి కదా ఇంకేం కావాలి అనుకున్నా.

నాది సెకండ్ హ్యాండ్ బండి. ముందు చక్రంలో మోటరు, వెనక డిస్కు బ్రేకు, ఎడమ చేతి వైపు లివరు ఒక్కటే, అది నొక్కితే ముందు చక్రానికి మోటరు బ్రేకు (అంటే మోటరే బండిని ఆపే బ్రేకు), వెనక డిస్కు రెండూ పడాలి. నా దాంట్లో లివరు హ్యాండిల్‌కి ఆనేదాకా వచ్చేసేది, ఆ మోడలే అంత అనుకున్నా, పైగా చెయ్యి నొప్పి పుట్టకుండా మెత్తగా ఉందని ఆనందం కూడా. నవంబర్లో ఒక సాయంత్రం, మాగ్డెబర్గ్‌లో హాసెల్‌బాఖ్‌ప్లాట్జ్ దాటి వస్తున్నా, సన్నగా వాన, ఆపి ఉన్న కారులోంచి ఒకాయన టక్కున డోరు తీశాడు. లివరు మొత్తం నొక్కేశా, బండి ఆగుతూ ఆగుతూ ఆగలేదు, జానెడు దూరంలో డోరు పక్కనుంచి జారిపోయా. ఏం కాలేదు, కానీ ఇంటికొచ్చి బండి తిరగేసి చూస్తే వెనక బ్రేకు తీగ క్లాంపు దగ్గర పోగులు పోగులుగా తెగి, మూడు నాలుగు పోగుల మీద వేలాడుతోంది. అంటే అన్ని రోజులూ నేను ఒక్క బ్రేకు మీదే తిరిగా, అది కూడా మోటరు బ్రేకు మీద. అప్పుడు కూర్చుని చట్టం చదివా, చదివాక అర్థమైంది ఏంటంటే చట్టం అడిగేది ఎన్ని బ్రేకులు ఉన్నాయని మాత్రమే కాదు, అవి ఎంతలో ఆపుతాయని కూడా. దానికి ఒక అంకె ఉంది, ఆ అంకె మనింట్లో ఉన్న టేపుతో మనమే కొలుచుకోవచ్చు.

ఆ చట్టం పేరు పలకడానికి నాకు వారం పట్టింది, ఎలెక్ట్రోక్లైన్‌స్ట్‌ఫార్‌ట్సోయ్‌గె ఫెరోర్డ్‌నుంగ్, అంటే చిన్న ఎలక్ట్రిక్ బళ్ళ రూల్సు, అందరూ పొట్టిగా ఈకేఎఫ్‌వీ అంటారు, 2019 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బండికి గంటకి 20 కిలోమీటర్లకి మించి స్పీడు ఉండకూడదు, మోటరు మామూలుగా 500 వాట్లు దాటకూడదు, మనిషి ఎక్కకుండా బండి బరువు 55 కిలోలు దాటకూడదు, నడిపేవాళ్ళకి 14 ఏళ్ళు నిండాలి, లైసెన్స్ అక్కర్లేదు. ఇవి చాలామందికి తెలుసు. బ్రేకుల పేరా మాత్రం ఎవరూ చదవరు, అందులో ఉన్నది ఇదీ: ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేసే రెండు బ్రేకులు ఉండాలి, అవి బండిని పూర్తిగా ఆపగలగాలి, బండి ఫుల్ స్పీడులో ఉన్నా పనిచెయ్యాలి, కనీసం 3.5 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ చొప్పున స్పీడు తగ్గించాలి. ఇంకా, రెండిట్లో ఒకటి చచ్చిపోతే మిగిలినది అందులో కనీసం 44 శాతం పని చెయ్యాలి, అదీ బండి పక్కకి లాగెయ్యకుండా, ఉన్న గీతలోనే ఉంచి. మూడు చక్రాల బండి అయితే పార్కింగ్ బ్రేకు కూడా కావాలి, అది మనలో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి వదిలేద్దాం.

మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అనగానే ఇంటర్ ఫిజిక్స్ గుర్తొచ్చి భయపడకండి. 3.5 అంటే బ్రేకు పట్టిన ప్రతి సెకనుకీ స్పీడు 12.6 కిలోమీటర్లు పడిపోవాలి, అంటే 20లో వెళ్తున్న బండి సుమారు సెకనున్నరలో ఆగాలి. దూరంలో చెప్పాలంటే 20 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 5.56 మీటర్లు, దాన్ని దాంతోనే గుణించి, 3.5కి రెట్టింపు 7తో భాగిస్తే 4.4 మీటర్లు వస్తుంది. మీ బండి 20లో వెళ్తూ 4.4 మీటర్లలో ఆగితే చట్టం అడిగిన బ్రేకు ఉన్నట్టు. ఒక బ్రేకు పోయి ఒక్కటే మిగిలితే 3.5లో 44 శాతం, అంటే 1.54, దాంతో 10 మీటర్లలో ఆగాలి. తేడా చూడండి, ఒకటి కారు పొడుగంత దూరం, ఇంకోటి రెండు కార్లు దాటిపోయేంత దూరం, ఇందులో మీరు చూసి, మెదడుకెక్కి, వేలు కదిలే టైము ఇంకా కలపలేదు, ఒక సెకను వేసుకున్నా ఇంకో ఐదున్నర మీటర్లు. ఆ సాయంత్రం నేను ఆ రెండో లెక్కలో ఉన్నా, పైగా తడి రోడ్డు.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు, నా బండికి లివరు ఒక్కటే ఉంది మరి రెండు బ్రేకులెక్కడ అని. లెక్కపెట్టాల్సింది లివర్లు కాదు బ్రేకులు. ఇక్కడ వీధికొకటి కనిపించే నైన్‌బాట్ జి30డి చూడండి, ముందు చక్రంలో డ్రమ్ బ్రేకు, వెనక చక్రంలో మోటరే బ్రేకులా పనిచేసి కరెంటు బ్యాటరీకి తోస్తుంది, అవి రెండు వేరే వేరే బ్రేకులు, లివరు మాత్రం ఒక్కటే. ఇంకొన్ని మోడళ్ళలో వెనక మడ్‌గార్డు మీద కాలేసి తొక్కేదే రెండో బ్రేకు, దాన్ని అలంకారం అనుకుని సంవత్సరమంతా తొక్కనోళ్ళు ఉన్నారు, నా రూమ్మేటే ఒకడు. కాబట్టి మొదటి పని, మీ బండి మాన్యువల్ తీసి బ్రేకు ఒకటి ఏది, బ్రేకు రెండు ఏది అని వేలు పెట్టి చూపించగలిగేలా తెలుసుకోండి.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్ళకి ఇంకో అలవాటు. ఇండియాలో 125 సీసీ లోపు బళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడేది) గానీ ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసేది) గానీ తప్పనిసరి అయ్యాక, స్కూటీ మీద ఎడమ లివరు పట్టుకుంటే ముందుది వెనకది కలిసి పడతాయి, మనం ఆలోచించక్కర్లేదు. అంతకుముందు నుంచీ కూడా ముందు బ్రేకు పడితే ఎగిరి పడతావురా అని నాన్నలు చెప్పిన భయం ఒకటి ఉండనే ఉంది. ఇక్కడి సైకిళ్ళకి మామూలుగా ఎడమ లివరు ముందు చక్రానిది, కుడిది వెనకది, మన ఊరి సైకిల్‌కి ఉల్టా. ఈ-స్కూటర్‌కి రెండు లివర్లుంటే ఏది దేనిదో కొన్నరోజే చక్రం గాల్లోకి లేపి తిప్పి చూస్కోండి, రోడ్డు మీద ప్రయోగాలొద్దు.

కొనేముందు చూడాల్సింది బండి మీద ఉండే చిన్న ప్లేటు, ఎక్కువగా కాళ్ళు పెట్టే పలక కింద గానీ మెడ దగ్గర గానీ ఉంటుంది. దాని మీద ఎలెక్ట్రోక్లైన్‌స్ట్‌ఫార్‌ట్సోయ్గ్ అనే మాట, గరిష్ఠ స్పీడు, బండి నంబరు, ఏబీఈ నంబరు ఉండాలి. ఏబీఈ అంటే ఈ మోడల్ పబ్లిక్ రోడ్డు మీద తిరగొచ్చని ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉన్న కేబీఏ, అంటే జర్మనీ మోటారు వాహనాల ఆఫీసు, ఇచ్చే పర్మిషన్, బ్రేకులు 3.5 అందుకుంటున్నాయా లేదా అనేది ఆ పర్మిషన్ టైములోనే పరీక్షిస్తారు. అందుకే అదే కంపెనీ అదే రంగు బండి వేరే దేశం వెర్షన్ తక్కువకి దొరికినా తీసుకోవద్దు, పైకి కవల పిల్లల్లా ఉంటాయి కానీ ఒకటి 25 వెళ్తుంది, దానికి ఇక్కడి ఏబీఈ ఉండదు. ఏబీఈ లేని బండి రోడ్డు మీద పట్టుబడితే 70 యూరోల ఫైను, అది చిన్న సంగతి, అసలు గొడవ ఏంటంటే ఏబీఈ లేకపోతే ఇన్సూరెన్స్ స్టికర్ సరిగా రాదు, ఇన్సూరెన్స్ లేకుండా నడపడం ఇక్కడ ఫైను కాదు క్రిమినల్ కేసు. వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఫైలు పట్టుకుని తిరిగే మనలాంటి వాళ్ళకి అది అస్సలు అక్కర్లేని తద్దినం.

ఇంకోటి, కార్లకి రెండేళ్ళకోసారి ట్యూఫ్ వాళ్ళ దగ్గరకెళ్ళి చెక్ చేయించాలి కదా, ఈ బళ్ళకి అలాంటిదేం లేదు. కొత్తగా ఉన్నప్పుడు మోడల్‌కి పరీక్ష జరిగింది అంతే, ఆ తర్వాత మీ ఒక్క బండి బ్రేకు ఎలా ఉందో ఏ ఆఫీసూ అడగదు, కానీ బండి సరిగ్గా ఉండేలా చూసుకునే బాధ్యత నడిపేవాడిదేనని ట్రాఫిక్ చట్టం చెప్తుంది. అంటే ఆ ట్యూఫ్ ఇన్‌స్పెక్టర్ పని కూడా మన నెత్తినే పడింది, ఎలా చెయ్యాలో చెప్తా.

బండి ఆఫ్‌లో పెట్టి మొదలెట్టండి. ఆఫ్‌లో ఉంటే మామూలుగా మోటరు బ్రేకు పనిచెయ్యదు కాబట్టి మిగిలేది తీగ మీద నడిచే బ్రేకు ఒక్కటే, దాని అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. లివరు పట్టి బండిని ముందుకి తొయ్యండి, ఆ బ్రేకున్న చక్రం తిరక్కూడదు, ముందుదైతే వెనక చక్రం కొంచెం లేవాలి, వెనకదైతే టైరు ఈడ్చుకుంటూ రావాలి. లివరు మొత్తం పట్టినా హ్యాండిల్‌కి దానికి మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి, నా బండిలో లాగా ఆనిపోతోందంటే తీగ సాగింది, లేదా ప్యాడ్లు అరిగాయి, లేదా తీగ తెగుతోంది. తీగ మీద చేత్తో తిప్పే చిన్న అడ్జస్టర్ ఉంటుంది, లివరు దగ్గరో, ప్యాడ్లతో డిస్కుని పట్టే క్యాలిపర్ దగ్గరో, దాన్ని బయటికి వచ్చేలా తిప్పితే తీగ బిగుస్తుంది, అర చుట్టు తిప్పండి, చక్రం గాల్లో తిప్పి చూడండి, రాసుకుంటున్న శబ్దం వస్తే కొంచెం వెనక్కి తిప్పండి. అడ్జస్టర్ చివరిదాకా వచ్చేసినా లివరు వదులుగానే ఉంటే ఇక దాంతో ఆటలాడకండి, తీగ మార్పించండి. తీగ చూసేటప్పుడు మధ్యలో బాగుందా అని కాదు, బోల్టు కింద నలిగే చోట చూడండి, ఫోన్ టార్చి వేసి, ఒక్క పోగు తెగి ముల్లులా లేచి ఉన్నా తీగ పని అయిపోయినట్టే.

డిస్కు ఉంటే క్యాలిపర్‌లోకి వెలుతురు వేసి ప్యాడ్ మందం చూడండి, ఇనప పలక మీద ఉండే ఆ నల్లటి పదార్థం ఒక మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చెయ్యాలి. డిస్కు ఒక వైపే రాసుకుంటుంటే క్యాలిపర్ బోల్టులు రెండూ అలెన్ కీతో కొంచెం వదులు చేసి, లివరు గట్టిగా పట్టుకునే ఉండి, అలాగే బోల్టులు బిగించండి, క్యాలిపర్ తనంతట తనే మధ్యకి సర్దుకుంటుంది, పది నిమిషాల పని. కీచుమంటోంది కదా అని డిస్కు మీద నూనె గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టకండి, శబ్దం పోతుంది, దాంతో పాటే బ్రేకూ పోతుంది, ఆ ప్యాడ్లు ఇక పారెయ్యడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ శుభ్రమైన గుడ్డ మీద పోసి తుడవండి చాలు. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి రోజు సరిగ్గా పట్టవు, ఖాళీ చోట ఒక ఇరవై ముప్పై సార్లు స్పీడు అందుకుని మెల్లగా ఆపుతూ ఉంటే అవి డిస్కుకి కుదురుకుంటాయి, అప్పటిదాకా ట్రాఫిక్‌లోకి వెళ్ళకండి. డ్రమ్ బ్రేకుకి ఇంత సేవ అక్కర్లేదు, వానా బురదా లోపలికి పోవు, ఈ వాతావరణానికి నా ఓటు దానికే.

మోటరు బ్రేకు గురించి ఒక్క మాట. బ్యాటరీ వంద శాతం నిండి ఉన్నప్పుడు వచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు, అందుకని చాలా బళ్ళలో కంట్రోలర్ ఆ బ్రేకుని తగ్గించేస్తుంది. పొద్దున్నే ఫుల్ ఛార్జింగ్‌తో బయల్దేరి మొదటి సందు మలుపులో బండి ఆగట్లేదేంటి అనిపిస్తే అదే కారణం. అది పాడైనట్టు కాదు, కానీ మొదటి కిలోమీటరు కొంచెం జాగ్రత్త.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆదివారం ఇక్కడ సూపర్‌మార్కెట్లన్నీ మూసే ఉంటాయి కదా, పార్కింగ్ ఖాళీ, అదే మన గ్రౌండు, కాకపోతే అందరూ వచ్చిపోయే పార్కింగ్ కూడా ఇక్కడ పబ్లిక్ రోడ్డు కిందే లెక్క, స్టికర్ లేకుండా అక్కడా నడపొద్దు. పొడిగా, సమంగా ఉన్న చోటు చూస్కోండి, సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత, అక్కణ్ణించి 4.4 మీటర్ల దగ్గర ఇంకో గీత, 10 మీటర్ల దగ్గర మూడోది. హెల్మెట్ చట్ట ప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి, ఈ పరీక్షలో పడే ఛాన్సు ఉంది. 20 స్పీడు నిలకడగా అందుకుని మొదటి గీత మీదకి ముందు చక్రం రాగానే బ్రేకు వెయ్యండి. మోకాళ్ళు వంచి, నడుం వెనక్కి తోసి, బరువు వెనక కాలి మీద పెట్టండి, నిలువుగా నిలబడి ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే ఇంత చిన్న చక్రం మీద నుంచి మనిషి హ్యాండిల్ దాటి వెళ్ళిపోతాడు. లివరు ఒక్క దెబ్బకి కాకుండా పిండినట్టు పెంచుకుంటూ పోండి. మూడుసార్లు చేసి ముందు చక్రం ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టి కొలవండి. 4.4 లోపు వస్తే భేష్. 5 మీటర్లు వస్తే మీ బండి 3.1 దగ్గర ఉంది, మీ వేలు ఆలస్యమై ఉండొచ్చు, అడ్జస్ట్ చేసి మళ్ళీ చూడండి. 6 మీటర్లు వస్తే 2.6 కూడా లేదు, ఆ బండి రోడ్డు ఎక్కకూడదు. తర్వాత వీలుంటే ఒక్కో బ్రేకుతో విడిగా చెయ్యండి, ఏ ఒక్కదాంతోనైనా మూడో గీత దాటకూడదు, బండి పక్కకి ఈడ్చకూడదు. నేను తీగ మార్పించాక మొదటిసారి 5.3 వచ్చింది, రెండు ఆదివారాలు ప్యాడ్లు కుదురుకున్నాక 4.2, ఆ రోజు ఇంటికొచ్చి బిర్యానీ వండుకున్నా.

ఇదంతా సమంగా ఉన్న రోడ్డు లెక్క. పది శాతం వాలు దిగుతుంటే భూమి ఆకర్షణ ఒక్కటే బ్రేకులోంచి దాదాపు 1 తినేస్తుంది, 3.5 కాస్తా 2.5 అవుతుంది, 4.4 మీటర్లు 6 దాటుతుంది. వీపు మీద పది కిలోల సోనామసూరి బస్తా ఉంటే ఇంకొంచెం. తడిసిన ట్రామ్ పట్టాల మీద, అక్టోబర్లో రాలిన ఆకుల మీద అసలు లెక్కే లేదు, అక్కడ బ్రేకు ముందే వేసుకుని పట్టా మీదుగా వదిలేసి దాటాలి, పట్టాలకి వీలైనంత అడ్డంగా.

బ్రేకు బాగోలేదని వేరేది మార్చాలనుకుంటే, కంపెనీ పెట్టిన రకం ప్యాడ్లు, అదే రకం తీగ వేసుకోవచ్చు, గొడవ లేదు. కానీ ఆన్‌లైన్‌లో హైడ్రాలిక్ కిట్ చవగ్గా దొరికింది, అది ఇంకా గట్టిగా పడుతుంది అని మొత్తం బ్రేకు సిస్టమే మార్చేస్తే, మంచి బ్రేకే అయినా, పరీక్ష చేసిన బండి ఇది కాదు కాబట్టి ఏబీఈ పోయే ప్రమాదం ఉంది. నేనూ ఆర్డర్ పెట్టేశా, సైకిల్ షాపాయన తల అడ్డంగా ఊపితే వెనక్కి పంపించేశా. యాప్ హ్యాక్ చేసి స్పీడు 30కి పెంచేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, బ్రేకులు 20కి లెక్కేసి పెట్టినవి, 30లో ఆగడానికి దూరం రెండింతల పైన కావాలి, పైగా 20 దాటిన బండికి లైసెన్స్ కావాలి, లేకపోతే అదొక కేసు. గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఎదుటి మనిషికి కట్టేసి తర్వాత మీ తలుపు కొట్టొచ్చు.

లండన్‌లో ఉన్న మా కజిన్ ఇది చదివి నేనూ ఒకటి కొంటా అన్నాడు, అక్కడ సొంత ఈ-స్కూటర్ పబ్లిక్ రోడ్డు మీద అసలు నడపకూడదు, ట్రయల్ నడుస్తున్న ఊళ్ళలో అద్దె బళ్ళు మాత్రమే, బ్రేకులు ఎంత బాగున్నా సరే. దేశం మారితే రూలు మారుతుంది, ఇక్కడిది అక్కడ పనికిరాదు.

ఇన్సూరెన్స్ స్టికర్ ప్రతి ఏడాదీ మార్చి 1న మారుతుంది, నలుపు, నీలం, ఆకుపచ్చ వంతులవారీగా, ఫిబ్రవరి ఆఖరుకి పాతది చెల్లదు. నేను ఏం చేస్తున్నానంటే కొత్త స్టికర్ అంటించే రోజే సుద్దముక్క, టేపు తీసుకుని పార్కింగ్‌కి వెళ్తా, మళ్ళీ వానలు మొదలయ్యే ముందు సెప్టెంబర్ ఆఖర్లో ఇంకోసారి, వచ్చిన దూరం పెన్నుతో రాసి బండి మెడ దగ్గర లోపలి వైపు అంటిస్తా. ఇప్పుడు అక్కడ 4.2, 4.3, 4.6 అని మూడు అంకెలున్నాయి, ఈ ఆదివారం ప్యాడ్లు మార్చాలి.